ఊడిన తోలే తొలి కట్టు

ఫిబ్రవరి నెల. దర్శి వైపు ఒక మిర్చి కల్లం. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన ఆడవాళ్లు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. ఒకామె మాత్రం ఆ రోజు పనికి రాలేదు. ఎనిమిదేళ్ల కొడుక్కి మూడు రోజులుగా జ్వరం. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నోరంతా పూసింది, మంచినీళ్లు కూడా గుటక పడటం లేదు. ఛాతీ మీదా వీపు మీదా కమిలినట్టు మచ్చలు. నాయనమ్మ చూసి చేతులు జోడించింది. "అమ్మవారు పోసిందిరా. సూదులూ గీదులూ వేయించమాకండి" అంది. వేపమండలు తెచ్చి మంచం మీద పరిచింది. తెల్లారేసరికి మచ్చలున్న చోటల్లా నీటిబొబ్బలు లేచాయి. పిల్లవాణ్ని పక్కకు తిప్పబోతే, వేపాకు అంటుకున్న చోట వీపు తోలు ఆకుతోపాటే వచ్చేసింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వేసిన మొదటి ప్రశ్న: "ఏం మందు వాడారు?"

తండ్రి తడుముకోకుండా చెప్పాడు. "మిరపలో నల్ల తామర పురుగుకి కొట్టిందేనండి. పిల్లోడు చేలోకి రాలేదుగానీ, గాలికి పడిందేమో."

మిరప, పత్తి పండే ఊళ్లలో మందు అనగానే ముందు గుర్తొచ్చేది అదే మరి. ఆమె మళ్లీ అడిగింది. "పొలానికి కాదయ్యా, పిల్లాడికి. ఈ రెండు నెలల్లో కొత్తగా ఏ బిళ్లయినా మొదలుపెట్టారా?" అప్పుడు తల్లికి గుర్తొచ్చింది. సంక్రాంతి వెళ్లాక పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. టౌన్లో చూపిస్తే కార్బమజెపిన్ అనే బిళ్ల రాశారు. వేయడం మొదలుపెట్టి 16 రోజులైంది.

ఈ పిల్లవాడు నేను కల్పించినవాడు. అతని ఒంటి మీద జరిగింది మాత్రం కల్పన కాదు. ఏటా పది లక్షల మందిలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు ఇది. అరుదైనదే, కానీ దాన్ని తెచ్చే మందులు అరుదైనవి కావు. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్, లామోట్రిజిన్, ఇన్‌ఫెక్షన్లకు వాడే సల్ఫా బిళ్లలు, ఇవన్నీ ప్రతి మందుల షాపులోనూ ఉంటాయి. లక్షలమందికి మేలు చేస్తూ, ఎవరో ఒకరికి వికటిస్తాయి.

తట్టు కాదు, కాలడమూ కాదు

1922లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ మేసన్ స్టీవెన్స్, ఫ్రాంక్ చాంబ్లిస్ జాన్సన్ అనే ఇద్దరు పిల్లల వైద్యులు ఇద్దరు మగపిల్లల గురించి రాశారు. ఒకడికి ఏడేళ్లు, ఇంకొకడికి ఎనిమిది. జ్వరం, నోట్లో పుళ్లు, వాచి పుసులు కట్టిన కళ్లు, ఒళ్లంతా మచ్చలు. అంతకు ముందు చూసిన వైద్యులు దాన్ని తీవ్రమైన తట్టు అనుకున్నారు. కాబట్టి మన నాయనమ్మను తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వందేళ్ల కిందట న్యూయార్క్ డాక్టర్లు పడిన పొరపాటే ఆమె కూడా పడింది.

1956లో స్కాట్లాండ్ చర్మవైద్యుడు అలన్ లయెల్ నలుగురు రోగుల గురించి రాశాడు. మరిగే నీళ్లు మీద పడ్డట్టు వాళ్ల చర్మం ఒలిచినట్టుగా ఊడిపోయింది. ఈ రెండూ వేర్వేరు జబ్బులని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు ఒకే జబ్బుకు రెండు కొసలుగా చూస్తున్నారు. చర్మం ఊడింది ఒంట్లో 10 శాతం లోపు అయితే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్. 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్. నడుమ ఉన్నది రెంటి కలయిక. ఆ శాతాన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. వేళ్లతో సహా ఆ పిల్లవాడి అరచెయ్యే కొలత. అతని అరచెయ్యి ఒకటి అతని ఒంటిలో దాదాపు 1 శాతం.

లోపల జరిగేది ఇది. వైరస్ పట్టిన కణాలను వెతికి చంపడం మన రక్తంలోని టి-కణాల పని. కొందరిలో మందు అణువు వెళ్లి కణాల మీదుండే గుర్తింపు బిళ్లలకు అతుక్కుంటుంది. సొంత చర్మకణం టి-కణానికి పరాయిదిగా కనిపిస్తుంది. టి-కణాలు గ్రాన్యులైసిన్ అనే విష ప్రోటీన్‌ను వదులుతాయి. 2008లో ఈ రోగుల బొబ్బల నీళ్లలో అది పుష్కలంగా ఉన్నట్టు తైవాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంతకు ముందే, 2004లో, కార్బమజెపిన్ వికటించిన 44 మందిని పరీక్షిస్తే 44 మందిలోనూ ఆ గుర్తింపు బిళ్లల్లో ఒకదాన్ని తయారుచేసే హెచ్ఎల్ఏ-బి*15:02 అనే జన్యురూపం దొరికింది. అది ఆగ్నేయాసియాలో ఎక్కువ. మన దేశంలో తక్కువే అయినా లేకపోలేదు. పిల్లల్లో కొన్నిసార్లు మందు ప్రమేయం లేకుండా, మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాంటి జబ్బునే తెస్తుంది.

మందు మొదలుపెట్టిన రోజే ఇది రాదు. సాధారణంగా నాలుగో రోజుకీ నాలుగో వారానికీ మధ్య మొదలవుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకు మందు మీద అనుమానం రాదు. "పదిహేను రోజుల్నుంచి వేస్తున్నాం, అప్పుడు పడింది ఇప్పుడెందుకు పడదు?" అనిపిస్తుంది. టి-కణాలు శత్రువును గుర్తుపట్టి, సంఖ్య పెంచుకుని, దండు కట్టడానికి పట్టే వ్యవధి అది.

మిరపకాయ చెప్పే అబద్ధం

కల్లంలో మిర్చి తొడిమలు తీసిన చేతులకు రాత్రంతా మంట. చూస్తే చేతి మీద బొబ్బ ఉండదు. మిరపలోని క్యాప్సైసిన్ మామూలుగా తోలును కాల్చదు, నరాన్ని మోసం చేస్తుంది. మన నరాల కొసల్లో సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే తలుపు లాంటి ప్రోటీన్ ఒకటుంది. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ప్రధాన కారణం అదే. క్యాప్సైసిన్ ఆ తలుపును చల్లటి వేళలోనే తోసేస్తుంది. నిప్పు లేకుండానే నరం "కాలుతోంది" అని కేక వేస్తుంది.

మన పిల్లవాడి ఒంటి మీద కూడా నిప్పు లేదు. కానీ నరం చెప్పేది అబద్ధం కాదు. పైపొర కాగితమంత పల్చనిది, చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అది ఊడితే నరాల కొసలు బయటపడతాయి. ఫ్యాను గాలి సోకినా మంటే. బొబ్బలు రాకముందే, మచ్చ తాకితే పిల్లవాడు కెవ్వుమంటాడు. ఆటలమ్మ పొక్కులు దురద పెడతాయి, ఇవి నొప్పి పెడతాయి. గుర్తుపట్టడానికి తల్లికి ఇంతకన్నా మంచి ఆనవాలు లేదు. కొత్త మందు మొదలుపెట్టిన నెలా రెండు నెలల్లో జ్వరం, ఎర్రటి కళ్లు, నోట్లో పుళ్లు, తాకితే నొప్పెట్టే మచ్చలు కలిసి వస్తే, మర్నాటిదాకా ఆగకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి బయల్దేరాలి.

మిర్చి ఊళ్లలో ఈ రెండు మంటలూ కలిసే ప్రమాదం ఒకటుంది. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కల్లం నుంచి పరుగున వచ్చిన తల్లి చేతులు నీళ్లతో కడుక్కుని బిడ్డను తాకితే, గోళ్ల సందున మిగిలిన కారం ఆ పచ్చి ఒంటికి తగులుతుంది. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో రెండుసార్లు రుద్ది కడుక్కోవాలి. చీరె మార్చుకోవాలి. కారపు ఘాటు నింపుకున్న కొంగుతో బిడ్డ కళ్లు తుడవకూడదు. ఈ జబ్బు గురించిన వైద్యగ్రంథాల్లో ఇది కనిపించకపోవచ్చు. మిర్చి యార్డు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో మాత్రం చెప్పాల్సిన మాటే.

తీయకపోవడం ఒక విద్య

ఊడి వేలాడుతున్న తోలును చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. చచ్చిన తోలు కదా, తీసి పారేసి శుభ్రం చేద్దామనిపిస్తుంది. కాలిన గాయాల వార్డుల్లో అలవాటైన పద్ధతి కూడా అదే. కొన్ని దేశాల్లో ఈ పిల్లలను మత్తులో ఉంచి, ఊడినదంతా గీకి, పంది చర్మంతోనో కృత్రిమ పొరలతోనో కప్పేవారు. పారిస్ పక్కనున్న క్రెతెయ్ చర్మవైద్యులు మరో దారి పట్టారు. ఒత్తిడీ రాపిడీ తగలనీయకుండా, ఊడిన పొరను ఎక్కడిదక్కడే ఉంచాలన్నారు. 2019లో బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ప్రత్యేకంగా పిల్లల కోసం తెచ్చిన మార్గదర్శకాలు కూడా ముందు ఈ నెమ్మది దారినే పట్టమంటాయి.

కారణం గాయం లోతులో ఉంది. నిప్పు కాలిస్తే కింది పొర కూడా మాడొచ్చు. ఈ జబ్బులో చచ్చేది పైపొర ఒక్కటే. కింది పొర బతికే ఉంటుంది. అందులో వెంట్రుకల కుదుళ్లుంటాయి. కోసిన మొక్క మోడు నుంచి పిలకలు వేసినట్టు, ఒక్కో కుదురు చుట్టూ కొత్త చర్మకణాలు పుట్టి, పాకి, పక్క కుదురు నుంచి వచ్చిన వాటితో కలుస్తాయి. ఏ చర్మం అతికించకుండానే, చాలావరకు రెండు మూడు వారాల్లో ఒళ్లు మూసుకుంటుంది. ఆ పని జరిగేదాకా పచ్చి నేలకు కప్పు కావాలి. చచ్చినా సరే, ఆ పిల్లవాడి సొంత తోలుకు మించిన కప్పు లేదు. సరిగ్గా అతని ఒంటి కొలతకు కుట్టింది, రంధ్రాలన్నీ కుదిరినది, పైసా ఖర్చు లేనిది.

అందుకే బొబ్బ మరీ బిగుసుకుని నొప్పెడితే సన్నటి శుభ్రమైన సూదితో నీళ్లు తీస్తారు, పైకప్పు ఉంచేస్తారు. ఆ కప్పు కింద నిలిచిన తేమలో కొత్త కణాలు సులువుగా పాకుతాయి. "పుండుకు గాలి తగలాలి, పక్కు కట్టాలి" అనే పాత నమ్మకాన్ని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద పరీక్షించాడు. కొన్ని గాయాలను ఆరనిచ్చాడు, కొన్నిటి మీద పాలిథీన్ కాగితం కప్పాడు. కప్పిన గాయాలు దాదాపు రెట్టింపు వేగంతో మూసుకున్నాయి. పక్కు కట్టిన చోట కొత్త కణాలు దాని కింద దారి తవ్వుకుంటూ పోవాలి. తడి ఉన్నచోట పైపైనే పాకిపోతాయి.

వార్డులో ఈ విద్య చిన్న చిన్న పనుల్లో కనిపిస్తుంది. పిల్లవాణ్ని చంకల్లో చెయ్యేసి లేపరు. దుప్పటి నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని ఎత్తుతారు. సెలైన్ సూదిని ప్లాస్టరుతో అంటించరు, చుట్టూ మెత్తటి గుడ్డపట్టీ చుడతారు. బీపీ పట్టీ కింద పొర వేయకుండా బిగించరు. ఒళ్లు తుడవరు, గోరువెచ్చటి సెలైన్ పారిస్తారు. కట్టు మార్చడానికి అరగంట ముందే నొప్పి మందు ఇస్తారు. పిల్లవాడు మొదటిసారి ఓర్చుకుంటాడు, రెండోసారి సిస్టర్ ట్రే చప్పుడు వినగానే వణుకుతాడు. ఆ వణుకు వద్దనుకుంటే నొప్పిని ముందే కట్టేయాలి.

వణుకు చలికి కూడా వస్తుంది. రెంటచింతల ఎండలు చూసిన మనకు ఇది వింతే. వార్డులో ఉక్కపోతగా ఉందని బంధువులు ఏసీ పెంచమంటారు. తోలు లేని ఒంటి నుంచి నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి వాళ్లు ఇంకా త్వరగా చల్లబడతారు. అందుకే గదిని 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంచుతారు. మనకు చెమట పట్టే గదే అతనికి తగిన గది. నీరు కూడా లెక్కగా ఎక్కించాలి. కాలిన గాయాల లెక్క ఇక్కడ వేస్తే ఎక్కువై ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

పత్తి, పసుపు, అరటాకు

గుంటూరు సీమ పంటల్లో మూడింటికి ఈ గాయంతో మూడు రకాల సంబంధం ఉంది.

మొదటిది పత్తి. దూది కనిపిస్తే గాయం మీద వేయడం మన చేతికి అలవాటు. పచ్చి ఒంటి మీద పొడి దూది, పొడి గాజుగుడ్డ వేస్తే రసి పీల్చి ఎండి అట్టకడతాయి. పొద్దున తీసినప్పుడు రాత్రంతా పాకిన కొత్త కణాలు దానితోపాటే వస్తాయి. పత్తి గడ్డ మీద పత్తిని దూరం పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. గాజుగుడ్డ వాడితే పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి వాడాలి. లేదా అంటుకోని సిలికోన్ కట్లు ఉన్నాయి, బాగుంటాయి, ఖరీదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ పశువుల నుంచి తీసిన కొల్లాజెన్‌తో గాయాల కట్లు తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. చెప్పుల తోలు చదువు చివరికి మనిషి తోలుకు పనికొచ్చింది.

రెండోది పసుపు. దుగ్గిరాల యార్డు ఉన్న ప్రాంతంలో దెబ్బకు పసుపు అద్దని ఇల్లుండదు. తెగిన వేలికి అది వేరే సంగతి. ఒంటిలో మూడో వంతు తెరుచుకుని ఉన్నప్పుడు, శుద్ధి చేయని ఏ పొడి చల్లినా దాంట్లోని క్రిములకు దారి ఇచ్చినట్టే. ఈ పిల్లల ప్రాణం తీసేది ఎక్కువగా రక్తానికి పాకే ఇన్‌ఫెక్షనే. పసుపు కన్నా మోసపుచ్చేది ఇంకొకటుంది. ఊళ్లో ఎక్కడ చూపించినా "కాలినట్టుంది" అని రాసే తెల్లటి మలాం, సిల్వర్ సల్ఫడయజీన్. పేరులోనే సల్ఫా ఉంది. సల్ఫా బిళ్లే పిల్లవాడికి వికటించి ఉంటే, ఆ మలాంతో అదే జాతి మందును పచ్చి ఒంటికి పూసినట్టవుతుంది.

మూడోది అరటాకు. కొల్లిపర, దుగ్గిరాల వైపు తోటల్లో పెరిగేది, మనం అన్నం తినేది. మన దేశంలో చర్మవ్యాధుల వార్డులు ఈ పిల్లలకు చాలాకాలంగా దీన్నే పరుపుగా వేస్తున్నాయి. వేపమండ తోలును లాక్కున్న చోట అరటాకు వదిలేస్తుంది. ఆకు మీద మైనపు పూత ఉంటుంది. అన్నం మెతుకు అంటనట్టే పచ్చి ఒళ్లూ అంటదు. నున్నగా ఉండడంవల్ల పిల్లవాడు కదిలితే రాపిడి ఉండదు. వింటర్ పాలిథీన్ లాగే తేమను నిలుపుతుంది. పిల్లవాడి వీపంతా ఒక్క ఆకులో సరిపోతుంది. 2003లో ముంబై వైద్యులు కాలిన గాయాల మీద అరటాకునూ, ఉడికించిన బంగాళాదుంప తొక్కతో చేసిన కట్టునూ పోల్చారు. రెండూ సమానంగా పనిచేశాయి. అరటాకు ఇంకా చవక, తయారీ ఇంకా సులువు.

అలాగని తోటలో కోసి తెచ్చి పడుకోబెట్టేది కాదు. మందు కొట్టని చెట్టు నుంచి, మచ్చల తెగులు లేని ఆకు తేవాలి. కడిగి, నడిమి ఈనె తీసేసి, చుట్టచుట్టి ఆటోక్లేవులో ఆవిరి పట్టించాలి. బయటికొచ్చేసరికి పచ్చదనం పోయి, నిప్పు మీద వాడ్చిన ఆకులా మెత్తబడుతుంది. రసి ఆకు మీద మడుగు కట్టకముందే తీసి కొత్తది పరచాలి. పరచడం సులువే. ఆకు చిరగకుండా, పిల్లవాణ్ని ఈడ్వకుండా మార్చడమే నేర్చుకోవాల్సిన పని.

తోలు కన్నా ముందు కన్ను

వీపు చూసి బెంబేలెత్తిన ఇంట్లోవాళ్లు కన్నును మరిచిపోతారు. వీపు దాదాపు మచ్చ లేకుండా మానుతుంది. కన్ను అలా మానదు. రెప్ప లోపలి పొరా, కంటిగుడ్డు మీది పొరా రెండూ పచ్చిగా ఎదురెదురుగా ఉంటాయి. కట్టు లేని రెండు గాయాలు ఒకదానికొకటి ఆనుకుంటే అతుక్కుపోతాయి. రెప్ప అంచు గరుకెక్కి, ప్రతి రెప్పపాటుకూ నల్లగుడ్డును గీరుతుంది. జబ్బు తగ్గి ఇంటికొచ్చిన పిల్లవాడు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చూపు పోగొట్టుకోవచ్చు.

అందుకే చేరిన రోజే కంటి డాక్టరు చూడాలి, ఆ తర్వాత రోజూ చూడాలి. సెలైన్‌తో కడిగి, గంట గంటకూ చుక్కలు వేయాలి. జబ్బు తీవ్రంగా ఉంటే మొదటి వారంలోనే కంటి మీద ఉమ్మనీటి సంచి పొరను పరుస్తారు. కాన్పు తర్వాత మాయతోపాటు పారేసేది ఆ పొరే. ఏ తల్లో ఇచ్చింది, పరీక్షించి భద్రపరిచింది. రెప్పకూ గుడ్డుకూ మధ్య అది అడ్డుతెరలా నిలుస్తుంది. ఆలస్యమైనవారికి పెదవి లోపలి పొర తీసి రెప్ప అంచుకు కుట్టడం, కన్నీటిని పట్టి ఉంచే పెద్ద స్క్లీరల్ లెన్సులు పెట్టడం లాంటివి హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చేస్తున్నారు. 1987లో దాన్ని స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవారే. ఈ ప్రాంతానికి దగ్గరగా విజయవాడ పక్కన తాడిగడపలో కూడా ఆ సంస్థకు ఆసుపత్రి ఉంది.

నోటికీ మూత్రద్వారానికీ ఇదే సూత్రం. పచ్చి పొరలు రెండు ఒకదానికొకటి ఆనకూడదు. పెదవులకు రెండు మూడు గంటలకోసారి పెట్రోలియం జెల్లీ, నోటికి సెలైన్ పుక్కిళ్లు, మింగలేనన్నాళ్లూ ముక్కు గొట్టం ద్వారా పాలూ జావా. ఆడపిల్లల్లో కింది పొరలు అతుక్కుని పెద్దయ్యాక బాధపెట్టే ప్రమాదం ఉంది. తల్లి సిగ్గుపడి చెప్పకపోయినా నర్సు అడిగి చూడాలి.

సైక్లోస్పోరిన్ వేయాలా, స్టెరాయిడ్లు ఎంత ఇవ్వాలి, ఇమ్యునోగ్లోబ్యులిన్ పనిచేస్తుందా అనేవాటి మీద వైద్యులు ఇంకా వాదించుకుంటున్నారు. అనుమానపు మందును వెంటనే ఆపడం, ఒంటిని కప్పడం, కన్నును కాపాడడం గురించి వాదన లేదు. ఫిట్స్ మందు ఆపినప్పుడు దాని స్థానంలో ఏది వేయాలో మాత్రం డాక్టరే చెప్పాలి. కార్బమజెపిన్ పడని పిల్లవాడికి ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ కూడా పడకపోవచ్చు. ముగ్గురూ ఒక ఇంటివాళ్లు.

పన్నెండో రోజు

పన్నెండో రోజు ఆకు మార్చేటప్పుడు వీపు మీది ముడతలు పడ్డ పాత తోలు దానంతటదే జారి ఆకు మీద ఉండిపోయింది. ఎవరూ లాగలేదు. కింద లేత గులాబి రంగు చర్మం, చుట్టూ ఉన్న చామనఛాయ మీద అతుకు వేసినట్టు. ఆ రంగు తేడా పోవడానికి నెలలు పడుతుంది. గోళ్లు కొన్ని ఊడొచ్చు, మళ్లీ వస్తాయి. కళ్ల కోసం మాత్రం ఏళ్లపాటు తిరగాలి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక కార్డు ఇచ్చింది. పడని మందు పేరు, దాని దగ్గరి బంధువుల పేర్లు, జబ్బు పేరు, తేదీ. ఇలాంటివి ఇంగ్లీషులోనే రాయడం ఆనవాయితీ. తండ్రి తెలుగు మాత్రమే చదవగలడు. "ఇంటి పక్కవాళ్లకు కూడా అర్థమయ్యేట్టు తెలుగులో కూడా రాయండమ్మా" అని అడిగితే, ఆమె వెనక వైపు పెద్ద అక్షరాలతో రాసింది: కార్బమజెపిన్. ఒకే మందును పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు మారినా, దానితోపాటు ఉండే మందు అసలు పేరు మారదు. షాపువాడితో ఆ అసలు పేరు చదివించుకుని కార్డుతో సరిచూసుకోమని చెప్పింది. మందు వికటించిన సంగతిని జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలిపే ఫారం కూడా నింపింది. 2010లో మొదలైన ఆ కార్యక్రమానికి డాక్టర్లే కాదు, రోగి ఇంటివాళ్లు కూడా 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పొచ్చు.

వేసవిలో పిల్లవాడికి జలుబు చేసింది. ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరు బిళ్లలు తీస్తూ మాటవరసకు అడిగాడు. "ఇదివరకు ఏదన్నా మందు పడలేదా?"

తండ్రి ఈసారి పొలం వైపు చూడలేదు. జేబులో చెయ్యి పెట్టి కార్డు తీశాడు.